తీగ తెగిన పందెంలో సెన్‌హైజర్

విజయవాడ బీసెంట్ రోడ్డులో వందకూ రెండొందలకూ ఇయర్‌ఫోన్లు అమ్మే బండ్ల దగ్గర జర్మనీ హెడ్‌ఫోన్ల సంస్థ సెన్‌హైజర్ పేరు వినబడకపోవడంలో వింతేమీ లేదు. కానీ ఏసీ షోరూములోకి వెళ్లి ముప్పై వేల రూపాయలు ఖర్చుపెట్టడానికి సిద్ధపడిన కొనుగోలుదారు సైతం ముందుగా సోనీ, బోస్, యాపిల్ పేర్లే అడుగుతుండటం మాత్రం ఆలోచించవలసిన విషయం. ఇరవై ఏళ్ల కిందట సంగీతం మీద శ్రద్ధ ఉన్నవారిని మంచి హెడ్‌ఫోన్ ఏదని అడిగితే, చెప్పే మొదటి రెండు మూడు పేర్లలో సెన్‌హైజర్ తప్పక ఉండేది. ఇప్పుడది ఎవరైనా గుర్తుచేస్తే తప్ప గుర్తుకు రాని పేరు. ఎనభై ఏళ్ల వయసున్న ఈ సంస్థ పోటీలో వెనకబడిందన్న మాటతో నేను ఏకీభవిస్తాను. దాని హెడ్‌ఫోన్లు నాసిగా తయారైనందువల్లే వెనకబడిందన్న వాదనతో మాత్రం ఏకీభవించలేను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే, హానోవర్ సమీపంలోని వెన్నెబోస్టెల్ అనే ఊళ్లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ ఒక చిన్న ప్రయోగశాల పెట్టి, మొదట వోల్ట్‌మీటర్లు, తర్వాత మైక్రోఫోన్లు తయారుచేశారు. హెడ్‌ఫోన్ల చరిత్రలో ఆ సంస్థకు పీట వేసింది 1968లో వచ్చిన హెచ్‌డీ 414. అప్పటిదాకా హెడ్‌ఫోన్ అంటే చెవిని గట్టిగా మూసి, కాసేపటికే చెమట పట్టించే బరువైన డిప్పలు. పసుపుపచ్చ స్పాంజితో, వెనకవైపు తెరిచి ఉంచిన నిర్మాణంతో వచ్చిన ఆ తేలికపాటి మోడల్ ద్వారా, శబ్దం తల లోపల కాక ఎదురుగా ఎక్కడో పుడుతున్నట్టు వినిపించడం సాధ్యమైంది. ఆ ఒక్క మోడలే కోటికి పైగా అమ్ముడుపోయింది. తర్వాత 1997లో హెచ్‌డీ 600, 2003లో హెచ్‌డీ 650, 2009లో హెచ్‌డీ 800 వచ్చాయి. వీటిలో హెచ్‌డీ 600ను మిగతా హెడ్‌ఫోన్లను పోల్చి చూసే కొలబద్దగా సమీక్షకులు నేటికీ వాడుతున్నారు.

దీని గొప్పతనం ఎక్కడుందో విజయవాడ శ్రోతకు విడమరిచి చెప్పనక్కర్లేదేమో. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, బాలమురళీకృష్ణ ఆధ్వర్యంలో భక్తిరంజని రూపుదిద్దుకున్న ఆ కేంద్రం, ఇక్కడి రెండు మూడు తరాల చెవులకు మొదట మనిషి గొంతును వినడం నేర్పింది. హెచ్‌డీ 600 సరిగ్గా ఆ గొంతు ఉండే మధ్యస్థాయి శబ్దాలనే నిజానికి అతి దగ్గరగా వినిపిస్తుంది. దాని లోపం అడుగున ఉంది. లోతైన మంద్రంలోకి దిగేకొద్దీ బలం తగ్గిపోతుంది. ఘంటసాల కాలపు మోనో రికార్డింగుల్లో ఆ లోతు ఎటూ లేదు కనుక ఆ పాటలు వినేవారికి లోటు తెలియదు. నేటి సినిమా పాటల్లో దరువంతా ఆ అడుగునే ఉంటుంది కాబట్టి ఈ కాలపు కుర్రవాడు దాన్ని తలకు పెట్టుకున్న మరుక్షణం ‘ఇందులో బేస్ లేదేమిటి’ అంటాడు. అతని ఫిర్యాదు తప్పు కాదు. 2023లో వచ్చిన హెచ్‌డీ 660ఎస్2లో డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) అనునాద పౌనఃపున్యాన్ని 110 హెర్ట్జ్ నుంచి 70 హెర్ట్జ్‌కు దించామని, అంటే మంద్రం మరింత లోతుగా పలికేలా చేశామని, సంస్థే చెప్పుకుంది. ఆ ఫిర్యాదు న్యాయమైనదేనని ఒప్పుకోవడానికి సుమారు పాతికేళ్లు పట్టిందన్నమాట.

ఈ నిదానం సెన్‌హైజర్‌కు అలవాటు. దానికంటే పెద్ద ఉదాహరణ నాయిస్ క్యాన్సిలేషన్. బయటి రొదను మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురైన తరంగాన్ని చెవిలోకి పంపి, రొదను రొదతోనే రద్దుచేసే ఈ పద్ధతి పేరెత్తగానే అందరికీ బోస్ గుర్తుకొస్తుంది. ఆ సంస్థ స్థాపకుడు అమర్ బోస్ 1978లో జ్యూరిక్ నుంచి తిరిగివస్తూ విమానంలోనే దీనికి లెక్కలు వేసుకోవడం, 2000లో బోస్ క్వయట్‌కంఫర్ట్ పేరుతో సామాన్య ప్రయాణికుడి కోసం హెడ్‌ఫోన్ తేవడం తెలిసిన కథే. అంతగా తెలియనిదేమిటంటే, 1980లలోనే లుఫ్తాన్సా విమానాల పైలట్ల కోసం సెన్‌హైజర్ ‘నాయిస్‌గార్డ్’ పేరుతో ఇదే విద్యను సాధించింది. చేతిలో ఉన్న ఆ విద్య కాక్‌పిట్ తలుపు దాటి ప్రయాణికుల సీట్ల దాకా రావడంలో జాప్యం జరిగింది. వచ్చేసరికి ఆ సీట్లలో కూర్చున్నవారి తలల మీద బోస్ ఉంది, కొన్నేళ్లకు సోనీ కూడా చేరింది.

అసలు దెబ్బ 2016లో తగిలింది. ఆ సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్ లేదు. డిసెంబరుకల్లా యాపిల్ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ అంగట్లోకి వచ్చాయి. నేటి డబ్ల్యూహెచ్-1000 వైర్‌లెస్ హెడ్‌ఫోన్ల శ్రేణికి ఆద్యమైన ఎండీఆర్-1000ఎక్స్‌ను సోనీ ఆ ఏడాదే విడుదల చేసింది. మన దేశంలో చవక ఇయర్‌ఫోన్ల బ్రాండ్ బోట్ మొదలైంది కూడా ఆ ఏడాదే. అంతవరకు హెడ్‌ఫోన్ నాణ్యత అంటే అయస్కాంతం, తీగచుట్ట, పల్చటి పొర, వాటి వెనక గాలి కదిలే తీరు. ఒక్కసారిగా అందులోకి చిప్, అరడజను మైకులు, బ్యాటరీ, యాప్, ఎప్పటికప్పుడు వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి చేరాయి. యాపిల్, సోనీ వంటివారు తమ చిప్‌ను తామే రూపొందించుకుని ఆ ఖర్చును కోట్ల సంఖ్యలో అమ్మే సరుకు మీద పరుచుకోగలరు. ఒక కుటుంబం చేతిలో ఉన్న మధ్యతరహా సంస్థ ఆ పని చేయలేదు. మూలపురుషుడి మనుమలు డేనియల్, ఆండ్రియాస్ సెన్‌హైజర్‌లు 2021లో ఈ లెక్క తేల్చేశారు. సుమారు 600 మంది ఉద్యోగులున్న వినియోగదారుల విభాగాన్ని, ఆ పేరు వాడుకునే హక్కుతో సహా, ఫోనాక్ వినికిడి యంత్రాలు తయారుచేసే స్విట్జర్లాండ్ సంస్థ సోనోవాకు 20 కోట్ల యూరోలకు అమ్మారు. బదిలీ 2022లో పూర్తయింది. స్టూడియో మైక్రోఫోన్లు, 1991లో కొన్న మైక్రోఫోన్ల సంస్థ నాయ్‌మన్ కుటుంబం దగ్గరే మిగిలాయి. పాటల ప్రసార సేవతో కలిపే అయినా, హెడ్‌ఫోన్ల సంస్థ బీట్స్‌ను యాపిల్ 2014లో 300 కోట్ల డాలర్లకు కొన్నదని గుర్తుచేసుకుంటే, పేరు ప్రతిష్ఠలకూ అంగడి విలువకూ ఎంత ఎడముందో తెలుస్తుంది.

ఈ గతి సెన్‌హైజర్ ఒక్కదానికే పట్టలేదు. వియన్నాలో 1947లో పుట్టిన హెడ్‌ఫోన్ల సంస్థ ఏకేజీ చేతులు మారి 2017లో శాంసంగ్ గూటికి చేరింది, వియన్నా కార్యాలయం ఆ ఏడాదే మూతపడింది. 1924 నాటి జర్మనీ సంస్థ బయర్‌డైనమిక్‌ను చైనాకు చెందిన కొసోనిక్ కొంటున్నట్టు 2025లో ప్రకటన వెలువడింది.

తీగ ఉన్న హెడ్‌ఫోన్ల సొంత కోటలోనైనా సెన్‌హైజర్ నిశ్చింతగా ఉందా అంటే అదీ లేదు. పొర మొత్తం మీద తీగను పరిచి నడిపించే ప్లానార్ మ్యాగ్నెటిక్ పద్ధతిలో హైఫైమాన్, ఆడీజ్ వంటివారు ముందుకు దూసుకుపోతుంటే సెన్‌హైజర్ పాత డైనమిక్ డ్రైవర్‌నే సానబెడుతూ కూర్చుంది. ఇక చెవి లోపలికి దూర్చుకునే ఇరవై డాలర్ల చైనా ఇన్‌ఇయర్ జతలు, ఒకప్పుడు అందుకు పదింతలు పెట్టినా దొరకని సమతూకాన్ని చెవిలో పెడుతున్నాయి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట హాస్టళ్లలో చదువుకునే విద్యార్థికి ఆ ధరే అందుబాటులో ఉంటుంది, అతడు సెన్‌హైజర్ దాకా పోవలసిన అవసరమే రాదు. పైగా కొనదలచినవారిని కూడా 560ఎస్, 569, 599, 660ఎస్ అంటూ రైలు నంబర్లలాంటి పేర్లతో తికమకపెట్టడం ఈ సంస్థకే చెల్లింది.

మన ఊళ్ల సంగతికి వస్తే చిక్కు మరొకటి ఉంది. వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్‌కు ప్రశాంతమైన గది కావాలి. మే నెలలో 45 డిగ్రీల ఎండకు ఫ్యాను పూర్తి వేగంతో తిరగవలసిన విజయవాడ ఇంట్లో, తంబుర శ్రుతి కన్నా ముందు ఆ ఫ్యాను హోరే చెవిన పడుతుంది. బెంజి సర్కిల్ దగ్గర హారన్ల మధ్య, గుంటూరు బస్సులో అయితే చెప్పనే అక్కర్లేదు. రోజూ మంగళగిరి మీదుగా అటూ ఇటూ తిరిగే ఉద్యోగి సోనీనో బోస్‌నో కొంటే అభిరుచి లేకనని తీసిపారేయలేం, అతడు పాటలు వినేది ఆ గంట ప్రయాణంలోనే. 300 ఓమ్‌ల విద్యుత్ నిరోధం ఉన్న హెచ్‌డీ 600ను ఫోనుకు తగిలిస్తే, అదీ జాక్ ఉన్న ఫోను దొరికితే, సరిపడా శబ్దం కూడా రాదు. విడిగా యాంప్లిఫయర్ కావాలి. వెల్వెట్ ప్యాడ్లు చెమటకు రెక్సిన్ కన్నా ఎంతో మేలన్నది ఒక్కటే మన ఎండలు దానికి కలిసొచ్చిన విషయం.

అయినా నా ఇంట్లో హెచ్‌డీ 600 ఉంది. 2009లో కొన్నాను. ఇప్పటికి ప్యాడ్లు మూడుసార్లు, కేబుల్ ఒకసారి మార్చాను. స్క్రూడ్రైవర్ అవసరం లేకుండా చేత్తోనే ఊడదీసి బిగించవచ్చు. అదే కాలంలో వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ జతలు మూడు మారాయి. చివరి జతలో కుడివైపుది రెండేళ్లకే చార్జింగ్ నిలుపుకోవడం మానేస్తే, బ్యాటరీ మార్చే వీలు లేదు, కొత్తది కొనుక్కోండి అని సర్వీస్ సెంటర్‌లో మర్యాదగానే చెప్పారు. ఆ మాట చెప్పగలిగిన కంపెనీకి రెండేళ్లకోసారి నా డబ్బు అందుతుంది. సెన్‌హైజర్‌కు నా నుంచి ఇన్నేళ్లలో అందింది ప్యాడ్ల ఖరీదు. అది వెనకబడటానికి ఉన్న కారణాల్లో ఇది చిన్నది కాదని నా అనుమానం.

వైర్‌లెస్‌లో ఆ సంస్థ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2022 నాటి మొమెంటమ్ 4 హెడ్‌ఫోన్ ఒక్క చార్జింగ్‌తో 60 గంటలు పాడుతుంది, అదే ఏడాది వచ్చిన సోనీ ఎక్స్‌ఎం5కు ఇది రెట్టింపు. ధ్వనిలో కూడా నా చెవికి మొమెంటమే మెరుగు. కానీ రొదను ఆపడంలో సోనీ, బోస్‌లదే పైచేయి, మన రోడ్ల మీద కొనేవారికి కావలసింది ముందుగా అదే. పాత మొమెంటమ్‌కు ఉన్న ఉక్కు పట్టీ సొగసును వదిలేసి, నలుగురిలో నారాయణ అన్నట్టు తయారుచేయడం ఎవరి సలహానో తెలియదు.

వినికిడి యంత్రాల సంస్థ చేతికి వెళ్లాక మాత్రం సెన్‌హైజర్‌కు ఒక అరుదైన అవకాశం దొరికింది. చెవి శాస్త్రమూ సంగీత ధ్వని విద్యా ఒకే కప్పు కిందికి రావడం తరచూ జరిగేది కాదు. దాన్ని 2023లోనే వాడుకుంది కూడా: సందడిలో ఎదుటివారి మాట స్పష్టంగా వినిపించేలా ‘కాన్వర్సేషన్ క్లియర్ ప్లస్’ అనే ఇయర్‌బడ్స్‌ను సుమారు 850 డాలర్ల ధరకు, విడి వస్తువుగా విడుదల చేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో, 249 డాలర్ల ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను స్వల్పం నుంచి మధ్యస్థం దాకా వినికిడి లోపం ఉన్నవారికి వినికిడి యంత్రంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అప్పటికే ఆ ఇయర్‌బడ్స్ చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నవారికి యాపిల్ దాన్ని ఉచిత అప్‌డేట్‌గా పంపింది.