పెన్నీ పొదుపు వ్రత మహాత్మ్యం

బ్రిటన్‌లో స్థిరపడిన మనవారికి ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అనే మూడు ఆశ్రమాలు దాటాక నాలుగోది ఒకటి ఉంటుందని పెద్దలెవరూ చెప్పలేదు. ఏటా 20,000 పౌండ్ల ఐసా (రాబడికి పన్ను పడని పొదుపు ఖాతా) పరిమితి నిండి, పింఛను ఖాతాలో వేయదలచినంతా వేసి, అప్పటికీ చేతిలో సొమ్ము మిగిలిన పుణ్యాత్ములు ప్రవేశించే ఆ ఆశ్రమం పేరు జనరల్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్, అంటే ఐసాలా పన్ను రక్షణ లేని మామూలు పెట్టుబడి ఖాతా. అక్కడ పన్ను తన చేతిలో లేదని తెలిసిన సాధకుడు తపస్సంతా రుసుముల మీద చేస్తాడు.

రెడింగ్‌లో ఉండే మా మిత్రుడొకరు ఈ తపస్సులో చాలా దూరం వెళ్ళారు. ఫండ్లు కొనిపెట్టి ఖాతాలో ఉంచి, అందుకు శాతం చొప్పున రుసుము తీసుకునే ప్లాట్‌ఫామ్‌లను, నెలకింత అని తీసుకునేవాటిని, ఏమీ తీసుకోమని ప్రకటించుకునేవాటిని మూడు రంగుల్లో పట్టిక వేశారు. ఏమీ తీసుకోనివారు ఏం తిని బతుకుతున్నారన్న సందేహం ఆయనను కొన్నాళ్ళు పీడించింది. కరెన్సీ మార్పిడి దగ్గర, ఖాతాలో ఖాళీగా పడున్న నగదు మీద వచ్చే వడ్డీ దగ్గర వారికి భోజనం దొరుకుతుందని తెలిశాక మనసు కుదుటపడింది.

తరువాత ఫండు వంతు వచ్చింది. ఏడాదికి 0.22 శాతం తీసుకునే ఫండులో ఆయనకు 60,000 పౌండ్లున్నాయి. సరిగ్గా అవే కంపెనీల షేర్లున్న మరో ఫండు 0.12 శాతానికే దొరుకుతోంది. అంటే ఏడాదికి 60 పౌండ్ల ఆదా. ఆ వారమే పాతది అమ్మి కొత్తది కొన్నారు. అమ్మినదాని మీద లాభం 10,000 పౌండ్లు. అందులో ఏటా పన్ను పడని 3,000 మినహాయింపు పోగా మిగిలిన 7,000 మీద ఆయన ఆదాయానికి వర్తించే 24 శాతం లెక్కన పన్ను 1,680 పౌండ్లయింది. ఏడాదికి 60 చొప్పున అది తిరిగి రావడానికి 28 ఏళ్ళు చాలు. "ఎప్పటికైనా కట్టవలసిన పన్నే కదండీ" అన్నారాయన నిబ్బరంగా. ఏటా మినహాయింపు మేరకే లాభం తేలేటట్టు కొంచెం కొంచెంగా అమ్ముకుంటూ వస్తే అందులో చాలా భాగం తప్పేదని నేను అనలేదు. స్నేహం ముఖ్యం. ప్లాట్‌ఫామ్ మారినప్పుడు మాత్రం యూనిట్లను అమ్మకుండా యూనిట్లుగానే బదిలీ చేయించుకున్నారు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి.

సాధకుల పట్ల ప్రభుత్వానికీ శ్రద్ధ ఉంది. 2022-23లో 12,300 పౌండ్లున్న మూలధన లాభాల మినహాయింపును మరుసటి ఏడు 6,000కు, ఆ పై ఏడు 3,000కు దించింది. 2016లో 5,000గా మొదలైన డివిడెండ్ మినహాయింపు 2024 నాటికి 500కు చిక్కిపోయింది. ఏకాదశికి పస్తుండేవాణ్ణి ద్వాదశికి కూడా ఉండమన్నట్టుంది. "ఈ గొడవంతా ఎందుకు, హైదరాబాదులో మన మ్యూచువల్ ఫండు ఉండగా" అనేవారూ ఉన్నారు. తన రాబడిని ఏటా ఇక్కడి పన్ను శాఖకు తెలియజేస్తానని ఒప్పుకుని రిపోర్టింగ్ హోదా పొందని విదేశీ ఫండులో వచ్చిన లాభాన్ని మూలధన లాభంగా కాక మామూలు ఆదాయంగా చూస్తారనీ, దానికి ఆ 3,000 మినహాయింపు కూడా దక్కదనీ, రేటు 45 శాతం దాకా పోవచ్చనీ, మన దేశపు ఫండ్లకు సాధారణంగా ఆ హోదా ఉండదనీ వారికి తెలిసే నాటికి నెలనెలా కట్టే సిప్ మొదలై పదేళ్ళవుతుంది.

అయితే వ్రతంలో అసలు ఘట్టం వేరే ఉంది. మిత్రుడు కొన్న కొత్త ఫండు ఐర్లాండులో నమోదైన ఈటీఎఫ్ (షేరులా మార్కెట్లో కొనే ఫండు), పైగా డివిడెండును చేతికివ్వకుండా తనలోనే కలిపేసుకునే రకం. దాని లెక్కల సంవత్సరం ముగిసిన ఆరు నెలలకు ఆ రాబడి ఆయనకు ముట్టినట్టు చట్టం భావిస్తుంది. ఖాతాలో పెన్నీ కదలదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగానికి ఇక్కడ పెట్టిన పేరు ఎక్సెస్ రిపోర్టబుల్ ఇన్‌కమ్. ప్లాట్‌ఫామ్ పంపే పత్రంలో అది చాలాసార్లు కనిపించదు. ఫండు సంస్థ పట్టికలో వెతికి, యూనిట్‌కు ఇన్ని డాలర్లని దశాంశ బిందువు తరువాత నాలుగైదు అంకెలతో ఉన్న సంఖ్యను లెక్కల సంవత్సరం చివరి రోజున ఉన్న యూనిట్లతో హెచ్చించి, పౌండ్లలోకి మార్చి, పన్ను కట్టి, అదే మొత్తాన్ని కొన్న ధరకు కలిపి రాసుకోవాలి. కలపడం మరిచినవాడు అమ్మిన రోజున అదే పౌండు మీద రెండోసారి పన్ను కడతాడు.

జనవరి 31 గడువుకు ముందు ఆదివారం, చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని ఆయన ఈ హెచ్చవేతలో ఉండగా రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"పొద్దున్నే ఏం చేస్తున్నావురా?"

"డివిడెండ్లకు పన్ను లెక్క వేస్తున్నానమ్మా."

"ఏ మాత్రం వచ్చాయి?"

"రాలేదమ్మా. వచ్చినట్టు అనుకోవాలి."

"అయితే పన్ను కూడా కట్టినట్టు వాళ్ళనే అనుకోమనకూడదూ?"