సవరణ: బ్లూ మడ్ బే తీర్పు సముద్రమంతటికీ కాదు

ఉత్తర ఆస్ట్రేలియా ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ంగు అనే ఆదివాసుల గురించి మొన్న పెట్టిన పోస్టులో, 2008లో హైకోర్టు (అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది) బ్లూ మడ్ బే అనే అఖాతం కేసులో వాళ్ల సముద్రాన్ని వాళ్లకే ఇచ్చేసిందని రాశాను. అది తప్పు. తీర్పు సారాంశం సరిగ్గా చదవకుండా రాసేశాను.

ఆ తీర్పు పోటు వస్తే మునిగి, నీళ్లు వెనక్కి తీస్తే బయటపడే మేరకే వర్తిస్తుంది. 1976 నాటి ఆదివాసుల భూమి హక్కుల చట్టం కింద వాళ్లకు దక్కిన భూమి ఆటు గీత (నీళ్లు పూర్తిగా వెనక్కి తీసినప్పటి అంచు) దాకా ఉంటుంది. కాబట్టి చేపల లైసెన్సు ఉన్నంత మాత్రాన, అనుమతి లేకుండా ఆ నేల మీది నీళ్లలోకి రావడం కుదరదని కోర్టు చెప్పింది. గీత అవతలి సముద్రంలోకి ఇతరులను రానివ్వకుండా ఆపే హక్కు దీనితో రాలేదు. నేల, నీరు రెండూ ఒకే పూర్వీకుల చోటని నమ్మేవాళ్లకు ఈ గీత ఎంత వింతగా ఉంటుందో!

ఇంకొకటి. యోల్ంగు కళాకారులు తమ 80 చెట్టుబెరడు చిత్రాలను ఈ కోర్టు కేసు కోసమే గీశారన్నట్టు ఆ పోస్టులో రాశాను. అసలు వాటికి మూలం 1996 నాటి సంఘటన: వాళ్ల పవిత్ర స్థలంలో అక్రమ చేపలవేట శిబిరం, అక్కడ తెగిన మొసలి తల కనిపించాయి.

పాత పోస్టులో ఈ రెండు వాక్యాలూ మార్చాను.