వాట్లు ముఖ్యమా, మాటలు ముఖ్యమా?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. హాలు పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. టీవీ పెద్దదే గానీ దాని గొంతు చిన్నది. పాటొస్తే చెవులు చిల్లులు పడతాయి, మాటలొస్తే సబ్‌టైటిల్స్ చదువుకోవాలి. అందుకని హోమ్ థియేటర్ పెట్టుకుందామని మావారూ, మా తమ్ముడు రవీ కూడబలుక్కున్నారు. మొత్తం ఖర్చు లక్షన్నర దాటకూడదని నేను ముందే చెప్పేశాను. అందులో రిసీవర్‌కి ఎంత, స్పీకర్లకి ఎంత అన్న దగ్గర ఇద్దరికీ చెడింది. రిసీవర్ అంటే టీవీ, ప్లేయర్, గేమ్ బాక్స్ తీగలన్నీ వచ్చి చేరే పెట్టె. ఆంప్లిఫయర్ దాని లోపలే ఉంటుంది, స్పీకర్లన్నిటినీ అదే మోగిస్తుంది. ఒక్కో స్పీకర్‌కి విడిగా వెళ్లే శబ్దం ఒక చానెల్. ఆదివారం టిఫిన్ దగ్గర జరిగిన వాదం ఇది. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

రవి: ఇందులో ఆలోచించడానికి ఏముంది బావా? డెబ్భై వేలు రిసీవర్‌కి పెడదాం. ఏడు చానెళ్లది, నెత్తిమీంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ ఉన్నది. మిగతా ఎనభై వేలలో స్పీకర్లు చూసుకుందాం.

బావ: ముప్ఫై అయిదు వేలలో ఐదు చానెళ్ల రిసీవర్ చాలు. మిగిలిందంతా స్పీకర్ల మీద పెట్టు. చెవికి వినబడేది స్పీకరే కదా. రిసీవర్ షోకేసులో కూర్చుని లైట్లు చూపిస్తుంది.

రవి: లైట్లు చూపించడానికే అయితే దానికి వాట్లెందుకు?

బావ: వాట్ల సంగతి నువ్వే ఎత్తావు, మంచిదైంది. సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590 రిసీవర్ వివరాలు చూడు, చానెల్‌కి 145 వాట్లు. డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్ చూడు, 80 వాట్లు. ధరేమో డెనాన్‌కి ఎక్కువ. దీనికేమంటావు?

రవి: కొలిచే పద్ధతి వేరు. ఓమ్‌లంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు, డిస్టార్షన్ అంటే శబ్దం చెడడం. సోనీ 145 అన్నది 6 ఓమ్‌ల మీద, 1 కిలోహెర్ట్జ్ స్వరం ఒక్కటే పంపి, ఒక్క చానెల్‌నే మోగిస్తూ, 0.9 శాతం డిస్టార్షన్ దాకా ఒప్పుకుని తీసిన అంకె. డెనాన్ 80 అన్నది 8 ఓమ్‌ల మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానెళ్లు మోగుతుండగా, 0.08 శాతం డిస్టార్షన్‌తో తీసింది. రెంటికీ పోలికే లేదు.

బావ: నేనూ అదే అంటున్నా. చిన్న అక్షరాలు చదవనివాళ్ల కోసమే పెద్ద అంకెలు. ఈ గారడీ ఎంత ముదిరిందంటే, ఆంప్లిఫయర్ వాట్లు ఎలా కొలిచి ప్రకటించాలో అమెరికా ప్రభుత్వం 1974లో రూలు పెట్టాల్సి వచ్చింది. నీ డెనాన్ కూడా ఏడు చానెళ్లూ ఒకేసారి ఫుల్లుగా మోగితే ఆ 80 ఇవ్వలేదు.

రవి: ఏడూ ఒకేసారి ఫుల్లుగా మోగే సీను ఏ సినిమాలో ఉంటుంది బావా?

బావ: ఉండదు. అందుకే వాట్లకి డబ్బు తగలేయొద్దంటున్నా. 80 వాట్లకీ 100 వాట్లకీ తేడా ఒక్క డెసిబెల్. పక్కపక్కన పెట్టి వినిపిస్తే తప్ప నీకు తెలియదు. సెన్సిటివిటీ అంటే అంతే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె. అదే 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ బదులు 90 ఉన్నది తీసుకున్నావనుకో, ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినట్టే. పైసా ఖర్చు లేకుండా.

(పైసా ఖర్చు లేకుండా 90 ఉన్న స్పీకర్ ఏ షాపువాడూ చేతిలో పెట్టడు. లెక్క మాత్రం సరైనదే.)

రవి: సరే, వాట్లు వదిలేద్దాం. అట్మాస్ సంగతేంటి? చవకరకం ఐదు చానెళ్ల వాటిలో అది దొరకడం కష్టం. డీహెచ్590లో లేదు, యమహా ఆర్‌ఎక్స్-వీ4ఏలోనూ లేదు. అట్మాస్ 2012లో థియేటర్లకి వచ్చింది, 2014లో ఇళ్లకి వచ్చింది. ఇంకా దాన్ని కొత్త ముచ్చట అనుకుంటే ఎలా?

బావ: అట్మాస్ అంటే శబ్దం నెత్తిమీంచి కూడా రావాలి. మన నెత్తిమీద ఏముంది? ఫ్యాను. స్లాబుకి డ్రిల్లు వేస్తే మీ అక్క ఊరుకుంటుందా?

రవి: డ్రిల్లు అక్కర్లేదు. ముందు స్పీకర్ల మీద పెట్టుకునేవి ఉన్నాయి. శబ్దం సీలింగ్‌కి తగిలి మన దగ్గరికి దిగుతుంది.

బావ: దారిలో ఫ్యాను రెక్కలున్నాయి. పోనీ మే నెలలో ఫ్యాను ఆపి సినిమా చూస్తావా? సముద్రం పక్కనే ఉన్నామన్న మాటే గానీ చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఫ్యాను వేస్తే ఒక చప్పుడు, ఏసీ వేస్తే ఇంకో చప్పుడు. ఆ హోరులో వాన చినుకు పైనుంచి పడిందా, పక్కనుంచి పడిందా అని ఎవరికి తెలుస్తుంది?

రవి: ఇప్పుడే పెట్టమనట్లేదుగా. ముందు ఐదు స్పీకర్లు, వీలు చూసుకుని తర్వాత పైన రెండు. రిసీవర్‌లో చోటుంటే చాలు. చోటే లేకపోతే అప్పుడు రిసీవరే మార్చాలి. ఒకే వస్తువు రెండుసార్లు కొనడం ఎవరికి లాభం?

(ఈ ఒక్క విషయంలో నా ఓటు రవికే. మా ఇంట్లో గ్రైండరు నుంచి ఇన్వర్టరు దాకా ముందు చిన్నది కొని, తర్వాత పెద్దది కొన్నవాళ్లమే.)

బావ: ‘తర్వాత’ అన్న మాట మీదే కంపెనీలు బతుకుతున్నాయి. 2020లో, బొమ్మనీ శబ్దాన్నీ ఒకే తీగలో మోసే హెచ్‌డీఎంఐలో కొత్త రకం 2.1 ఉందని ఎగబడి రిసీవర్లు కొన్నవాళ్లకి ఏమైంది?

రవి: డెనాన్, మరాంజ్, యమహా రిసీవర్లలో వేసిన చిప్‌లో లోపం ఉంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గేమ్ బాక్స్ నుంచి 4కే 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 బొమ్మలు, పంపితే తెర నల్లబడిపోయేది. దానికి డెనాన్, మరాంజ్ వాళ్లు అడాప్టర్ ఉచితంగా ఇచ్చారు, యమహా బోర్డే మార్చి ఇస్తానంది. అది అప్పటి సంగతి, ఇప్పుడొచ్చే మోడళ్లకి ఆ బెడద లేదు.

బావ: ఆ బెడద పోతే ఇంకోటి వస్తుంది. 2025లో హెచ్‌డీఎంఐ 2.2 ప్రకటించనే ప్రకటించారు. స్పీకర్‌కి ఈ గొడవేమీ లేదు. ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి. ముప్ఫై ఏళ్ల కిందటి స్పీకర్‌ని నిన్న కొన్న రిసీవర్‌కి తగిలించు, మోగుతుంది.

రవి: గేమ్ బాక్స్‌ని టీవీకే పెట్టేస్తే సరి. శబ్దం మాత్రం ఆర్క్ మీద, అంటే టీవీ హెచ్‌డీఎంఐ తీగలోనే వెనక్కి, రిసీవర్‌కి పంపుతాం.

బావ: అంటే రిసీవర్‌లో ఆ 120 హెర్ట్జ్ ఉన్నా లేకపోయినా ఒకటేనని నీ నోటితోనే చెప్పావు.

రవి: దానికి ఒప్పుకుంటా. అట్మాస్‌కి మాత్రం ఒప్పుకోను.

బావ: మన టీవీకి ఆర్క్‌లో పెద్ద రకం, ఇ-ఆర్క్, లేదు. అట్మాస్ ఎలా వస్తుంది?

రవి: ఓటీటీ వాళ్లు అట్మాస్‌ని డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో పెట్టి పంపుతారు, దానికి మామూలు ఆర్క్ చాలు. బ్లూ-రే డిస్కులో ఉండే, నాణ్యత తగ్గించని ట్రూహెచ్‌డీకే ఇ-ఆర్క్ కావాలి. అదీ ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి పెడితే అక్కర్లేదు. అసలు బావా, ఇంతసేపూ నువ్వు గది ఊసే ఎత్తలేదు. కాస్త పై ధర రిసీవర్‌లో గది కరెక్షన్ బాగుంటుంది. డెనాన్‌లో ఆడిస్సీ మల్టీక్యూ ఎక్స్‌టీ ఉందనుకో, ఎనిమిది చోట్ల కొలుస్తుంది. పెట్టెలో చిన్న మైకు ఇస్తారు, అట్టముక్కలు మడిచి నిలబెట్టే స్టాండు కూడా. సోఫాలో కూర్చుంటే చెవి ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ మైకు పెడతాం. ఒక్కో స్పీకర్ వంతులవారీగా కూతపెడుతుంది. ఏది ఎంత దూరంలో ఉంది, ఏది గట్టిగా మోగుతోంది, గది ఏ స్వరాలని పెంచుతోంది, అన్నీ అదే లెక్కేసుకుంటుంది.

బావ: ఎనిమిది కొలతలు! మనింట్లో అంతసేపు చప్పుడు లేకుండా ఉంటుందా? నాలుగోది కొలుస్తుంటే కుక్కర్ విజిల్, అయిదోదానికి కింద కూరల బండి మైకు.

రవి: అర్ధరాత్రి చేద్దాం.

బావ: అర్ధరాత్రి సబ్ ఊఫర్, ఆ బేస్ పెట్టె, మోగిస్తే రెండో అంతస్తాయన లుంగీ మీదే పైకొచ్చేస్తాడు.

(రెండో అంతస్తాయనే మా అసోసియేషన్ సెక్రటరీ.)

బావ: నవ్వులకేం గానీ, ఆ కరెక్షన్ ఏం బాగుచేస్తుందో చెప్పు. కింద నున్నటి టైల్స్, పక్కన బాల్కనీ గాజు తలుపు, వెనకాల బోడి గోడ. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టు, ఖంగున తిరిగొస్తుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మింగలేదు. మందపాటి కర్టెన్లు, సోఫా ముందు ఒక కార్పెట్ వేస్తే సగం రోగం కుదురుతుంది.

రవి: పై స్వరాలకి నువ్వు చెప్పింది నిజం. బేస్‌ని కర్టెన్ ఏం చేస్తుంది? 40 హెర్ట్జ్ అల పొడవే ఎనిమిదిన్నర మీటర్లు, మన హాలు కంటే పెద్దది. సోఫాలో ఒక మూల కూర్చుంటే గుయ్యిమంటుంది, మధ్యలో కూర్చుంటే ఉందో లేదో తెలియదు. సబ్ ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి, ఆపైన కొలత కావాలి. ఇక్కడ నీ ముప్ఫై అయిదు వేల పెట్టె తేలిపోతుంది.

బావ: పూర్తిగా తేలిపోదు. ఎంతో కొంత కొలత వాటిలోనూ ఉంటుంది.

రవి: ఉంటుంది, మొరటుగా. సరే, ధరే నీ బాధైతే ఇంకో దారి ఉంది. మా పిన్ని కొడుకు జనవరిలో డల్లాస్ నుంచి వస్తున్నాడు. అక్కడ చవక, తెమ్మందాం.

బావ: అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి మోడల్‌ని ఇక్కడ నేరుగా గుచ్చావా, ఇక అంతే సంగతులు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొనాలి. ఇక్కడ వారంటీ చెల్లదు. ఎనిమిది తొమ్మిది కిలోల పెట్టె అది. సూట్‌కేసుకి 23 కిలోలే అయితే వాడి పిల్లల బట్టలు ఎవరు మోస్తారు? కస్టమ్స్ వాళ్లు ఆపితే ఆ టెన్షన్ వేరే. కొంటే ఇక్కడ బిల్లుతోనే కొను. రిపేరొస్తే వైజాగ్‌లోనే చేస్తారా, హైదరాబాద్ పంపాలా అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకో.

రవి: అలాగే. అమెరికా మాట వదిలేశాను.

బావ: ఇంకోటి, మన ఊరి ఉప్పు గాలి. పాత స్పీకర్ తీగ చివర చూశావుగా. రాగి నల్లబడి, అంచున పచ్చగా పొడి పట్టింది. అంగుళం కత్తిరించి, పైతొక్క తీసి, మెలితిప్పి మళ్లీ బిగిస్తే గానీ ఎడమ స్పీకర్ పలకలేదు. ఇన్ని పిన్నులున్న పెట్టెకి ఇన్ని చోట్ల అదే తంటా.

రవి: తీగ చివర తొడిగే బంగారు పూత బనానా ప్లగ్గులు వేద్దాం. ఉప్పు గాలికి భయపడితే బీచ్ రోడ్డులో ఎవరూ టీవీ కూడా కొనకూడదు.

బావ: కొనొద్దనట్లేదు. సర్జ్ ప్రొటెక్టర్ లెక్కలో రాయమంటున్నా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక ఏ వస్తువు స్విచ్ వేయాలన్నా భయమే. ఇంకా, రిసీవర్‌ని షోకేసు అద్దం తలుపు వెనక పెట్టకు. వేడి పైనుంచి పోవాలి, జానెడు ఖాళీ వదులు.

(ఇద్దరూ పెట్టె ఎక్కడ పెట్టాలో కూడా తేల్చేస్తున్నారు గానీ నా గోడు ఎవరికీ పట్టలేదు. ఇంతకీ మాటలు వినబడతాయా లేదా అని అడిగాను.)

రవి: సినిమాలో డైలాగ్ చాలావరకు సెంటర్ చానెల్లో, అంటే తెర మధ్యన పెట్టే స్పీకర్‌లో, ఉంటుంది అక్కా. టీవీకి ఆ స్పీకర్ విడిగా లేదు, అన్నీ కలిపి రెండు చిన్న స్పీకర్లలో కుక్కేస్తుంది. రిసీవర్ ఉంటే సెంటర్ ఒక్కదాన్నే మూడు నాలుగు డెసిబెల్స్ పెంచుకోవచ్చు.

బావ: అంటే డబ్బు సెంటర్ స్పీకర్ మీద పెట్టాలనేగా!

రవి: పెంచే సదుపాయం రిసీవర్‌లో ఉంది బావా.

బావ: ముప్ఫై అయిదు వేల రిసీవర్‌లో లేదా?

రవి: ఉంది.

బావ: ఇంకేం మరి! మంచి సెంటర్ తీసుకో. ముందు మూడు స్పీకర్లూ ఒకే సిరీస్‌వి తీసుకో, లేకపోతే మనిషి తెర మీద ఇటునుంచి అటు నడిస్తే గొంతు మారిపోతుంది. సెంటర్‌ని టీవీ కింద అరలోకి తోసేయకు, బీరువాలోంచి మాట్లాడినట్టుంటుంది. అర అంచు దాకా లాగి, మూతి కొంచెం పైకెత్తి చెవుల వైపు తిప్పు.

రవి: సరే, ఇలా చేద్దాం. ఏడు చానెళ్లది, అట్మాస్ ఉన్నదే. కాకపోతే కొత్త మోడల్ వద్దు. డెనాన్ ఎక్స్1800హెచ్ వచ్చింది కాబట్టి పాత ఎక్స్1700హెచ్ ఎక్కడైనా సీలు తీయకుండా మిగిలి ఉంటే బేరమాడదాం. అరవై లోపు.

బావ: యాభై లోపు.

రవి: యాభై అయిదు. పైన పెట్టే స్పీకర్ల ఊసు ఇప్పుడు ఎత్తను. ఆ డబ్బు సెంటర్‌కే.

బావ: డాబాగార్డెన్స్ వెళ్లినప్పుడు షాపువాడి డెమో గది చూసి పడిపోకు. కింద కార్పెట్, గోడలకి మెత్తలు ఉంటాయి, అక్కడ ఏది పెట్టినా బాగుంటుంది. రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టమను. కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది మన చెవికి, వాళ్లకి ఆ సంగతి తెలుసు. పేలుళ్ల సీను వద్దను, ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను పెట్టించు.

రవి: సోఫా వెనక స్పీకర్లకి తీగ ఎంత కావాలి?

బావ: గోడ వెంట తిప్పితే ఒక్కోదానికి పన్నెండు మీటర్లు.

రవి: లావుపాటి 14 గేజ్ తీసుకుందాం, ఆక్సిజన్ ఫ్రీ రాగిది.

బావ: 8 ఓమ్‌ల స్పీకర్లకి ఆ దూరానికి సన్నటి 16 గేజ్ చాలు. రాగిదైతే సరిపోతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం అంటగట్టకుండా చూసుకో. చాకుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది.

రవి: షాపువాడు గీరనిస్తాడా?

బావ: గీరనివ్వకపోతే పక్క షాపుకి పద.