కోడింగ్ రాకపోతే వెబ్‌సైట్ పెట్టకూడదా?

కోడింగ్ రానివాళ్లు వెబ్‌సైట్ జోలికి వెళ్లొద్దనే మాట ఈ మధ్య తెగ షేర్ అవుతోంది. ముందు మూడు లాంగ్వేజీలు, ఆ పైన ఒక ఫ్రేమ్‌వర్క్ (ముందే రాసిపెట్టిన కోడ్ చట్రం) నేర్చుకోవాలంటారు. రెడీమేడ్ టూల్స్‌తో చేసింది అసలు వెబ్‌సైటే కాదంటారు. చిన్న తప్పు చేసినా సైట్ మొత్తం పోతుందని, అంత ఓపిక లేకపోతే డెవలపర్‌కి అప్పజెప్పి ఊరుకోవాలని కూడా చెబుతారు. ఇది చదివి, మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల కోసమే ఈ జవాబు.

ముందు ఆ మూడు లాంగ్వేజీల సంగతి. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ మూడింటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింక్ అని మన రాతకి గుర్తులు పెట్టే పద్ధతి హెచ్‌టీఎమ్‌ఎల్. అందులో లెక్కలూ లాజిక్కూ ఉండవు. సీఎస్‌ఎస్ పని రంగులు, అక్షరాల సైజు, అమరిక చూసుకోవడం. మూడింటిలో అసలైన ప్రోగ్రామింగ్ జావాస్క్రిప్ట్ ఒక్కటే. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో పనిచేస్తూ 1991లో మొదటి వెబ్‌సైట్‌ని జనం ముందు పెట్టేనాటికి మిగతా రెండూ పుట్టనే లేదు. జావాస్క్రిప్ట్ 1995లో వచ్చింది, సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996లో. ఆయన పేజీలో ఉన్నదల్లా రాత, లింకులు. సెర్న్ ఆ పేజీని మళ్లీ అందుబాటులోకి తెచ్చింది. ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా హాయిగా చదువుకోవచ్చు.

కాబట్టి మొదటి రోజు నోట్‌ప్యాడ్ ఒక్కటి చాలు. ఒక శీర్షిక, రెండు పేరాలు రాసి, డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనే చివరతో సేవ్ చేసి, ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. తెలుగులో రాసేవాళ్లు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఈ పేజీ యూటీఎఫ్-8లో (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్‌లో రాసుకునే పద్ధతి) ఉందని చెప్పే లైన్ ఒకటి పైన పెట్టాలి. అది లేకపోతే మన అక్షరాల బదులు అర్థం కాని గుర్తులు వరుసగా కనిపించే ప్రమాదం ఉంది. అది చూసి చాలామంది తమకిక ఇది రాదని నిర్ణయించుకుంటారు. నిజానికి అక్కడ లేనిది ఒక్క లైన్.

ఫ్రేమ్‌వర్క్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రియాక్ట్ లాంటివి, వాడేవాళ్లు క్లిక్ చేసేకొద్దీ స్క్రీన్ మారుతూ ఉండే యాప్‌ల కోసం వచ్చాయి. మీ గురించి, మీ పని గురించి చెప్పే ఐదు పేజీలకి వాటి అవసరమే రాదు.

ఇక రెడీమేడ్ టూల్స్. వాటితో చేసింది వెబ్‌సైటే కాదన్న మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కోడ్ రాయకుండా సైట్ చేసుకునే టూల్ వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. అవన్నీ వెబ్‌సైట్లు కాకుండా పోతాయా? చేత్తో రాసినా, టూల్‌తో చేసినా చివరికి చదివేవాళ్ల బ్రౌజర్‌కి చేరేది హెచ్‌టీఎమ్‌ఎల్లే. టూల్స్‌తో ఇబ్బందులు లేవని నేను అనను. వర్డ్‌ప్రెస్‌ని మనమే నడుపుకుంటే ప్లగిన్లు (అదనపు సౌకర్యాల కోసం జోడించే చిన్న ప్రోగ్రామ్‌లు) ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి. పాతబడిన ప్లగిన్లలోంచే హ్యాకర్లు దూరుతుంటారు. కొన్ని రెడీమేడ్ టూల్స్‌లో చేసిన సైట్‌ని బయటికి తీసుకెళ్లడం కష్టం. అందుకే రంగులూ డిజైన్లూ చూసే ముందు, రేపు వేరేచోటికి మారాలంటే మన రాతలు, ఫొటోలు వెంట తీసుకెళ్లే దారి ఉందా అని చూసుకోవాలి.

చిన్న తప్పుకే సైట్ మొత్తం పోతుందన్న భయానికి కూడా ఆధారం లేదు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఒక ట్యాగ్ (ఇందాక చెప్పిన గుర్తు) మూయడం మర్చిపోతే బ్రౌజర్ తనకి తోచినట్టు సర్దుకుని పేజీ చూపిస్తుంది. సీఎస్‌ఎస్‌లో అర్థం కాని లైన్ ఉంటే దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. జావాస్క్రిప్ట్ అంత ఉదారంగా ఉండదు, ఒక బ్రాకెట్ తప్పినా ఆ స్క్రిప్ట్ ఆగిపోతుంది. దాన్ని తర్వాత నేర్చుకోమనేది అందుకే.

నా మొదటి సైట్‌లో ఫొటోలన్నీ మాయమయ్యాయి. నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనిపించినవి, అప్‌లోడ్ చేశాక ఖాళీ డబ్బాలైపోయాయి. రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఫైల్ పేరు చివర జేపీజీ పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది, పేజీలో నేను రాసింది చిన్న అక్షరాల్లో. విండోస్ ఈ తేడాని పట్టించుకోదు. సైట్లు ఉండే సర్వర్లలో ఎక్కువ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, దానికి అవి రెండు వేర్వేరు పేర్లు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చగానే ఫొటోలు వచ్చేశాయి. పోయిందనుకున్నదేదీ పోలేదు. సైట్ ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుంటే, ఎంత పెద్ద తప్పు చేసినా వెనక్కి రావచ్చు.

డెవలపర్‌కి ఇచ్చేయమన్న మాటలో కొంత నిజముంది. సైట్‌లో డబ్బు చెల్లింపులు, లాగిన్లు, ఇతరుల వ్యక్తిగత వివరాలు ఉన్నప్పుడు తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి. అక్కడ తప్పు జరిగితే నష్టపోయేది మనల్ని నమ్మినవాళ్లు. కానీ ఇచ్చేసి ఊరుకోమనడం సరికాదు. నాకు తెలిసిన ఒకరు అలాగే ఊరుకున్నారు. డొమైన్ (సైట్ అడ్రస్) డెవలపర్ పేరు మీద రిజిస్టర్ అయింది, గడువు దగ్గరపడిందన్న మెయిళ్లు కూడా ఆ డెవలపర్‌కే వెళ్లాయి. ఆ డెవలపర్ ఆ పని మానేసి నంబర్ మార్చేశారు. రెన్యువల్ జరగక ఆ పేరు వేరేవాళ్ల పాలైంది.

మీ సైట్ ఎవరు కట్టినా సరే, డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే చోటు) ఖాతాలు మీ పేరు మీద, మీ మెయిల్‌తో ఉండాలి. ఇప్పటికే సైట్ ఉన్నవాళ్లు రెన్యువల్ మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌కి వస్తోందో ఇవాళే చూసుకోండి.