పన్ను తగ్గిస్తే షట్టర్లు లేస్తాయా?

"నగరం నడిబొడ్డు పాడుబడిందా? ఆస్తి పన్ను తగ్గించండి, పార్కుల మీద డబ్బు తగలేయకుండా పార్కింగ్ కట్టండి, షాపులు వాటంతటవే వస్తాయి." ఈ మధ్య తెగ షేర్ అవుతున్న మాట ఇది. వినడానికి బాగానే ఉంది.

ముందు పన్ను సంగతి. తగ్గిస్తే డబ్బు మిగిలేది షాపు నడిపేవాళ్లకు కాదు, భవనం యజమానికి. పన్ను తగ్గింది కదా అని అద్దె తగ్గించేవాళ్లు అరుదు. అసలు పన్ను ఎంత అన్నదాని కంటే దేని మీద వేస్తున్నారన్నది ముఖ్యం. పక్కపక్కనే రెండు స్థలాలున్నాయనుకోండి. ఒకాయన పాత భవనం బాగుచేయించి కింద షాపులు, పైన ఇళ్లు పెట్టాడు. ఆస్తి విలువ పెరిగింది, దాంతో పన్నూ పెరిగింది. పక్కాయన ఉన్న భవనం కూల్చేసి, నేల చదును చేసి, గొలుసు కట్టి కార్లు పెట్టించుకుంటున్నాడు. ఆయన పన్ను తగ్గింది! రేటు అందరికీ ఒకేలా కోసేస్తే, భూమి ధర పెరిగేదాకా ఆయన ఇంకా తీరిగ్గా కూర్చుంటాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం 1913 చట్టంతో మొదలుపెట్టి 2001 దాకా భవనం మీద తక్కువ, నేల మీద ఎక్కువ రేటు వేసింది. అక్కడ లేచిన కట్టడాలన్నీ దాని పుణ్యమే అనను. కానీ కట్టినవాళ్లను శిక్షించని పద్ధతి అది.

ఇక పార్కులు దండగ అన్న ముక్క. న్యూయార్క్ బ్రయంట్ పార్క్ 1970ల్లో మత్తుమందులు అమ్మేవాళ్ల అడ్డా. పొదలు అడ్డుగా ఉండి లోపలేం జరుగుతోందో వీధిలోకి కనపడేది కాదు. జనం పార్కుల్లో, వీధుల్లో ఎలా మసలుతారో పరిశీలించే విలియం వైట్ అనే ఆయన కూర్చుని గమనించి చెప్పింది ఇదే. 1988లో మూసి, పొదలు తీసి, దారులు వెడల్పు చేసి, ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు వేసి 1992లో తెరిచారు. మనిషి కుర్చీని జానెడైనా జరిపి గానీ కూర్చోడని వైట్ గమనించాడు. ఎంత నిజమో! ఇప్పుడు ఆ పార్క్ జనంతో కిటకిటలాడుతుంది. దాని నిర్వహణకు చుట్టుపక్కల భవనాల యజమానులు అదనంగా కడతారు. ఖాళీ స్థలం దండగైతే వాళ్లెందుకు కడతారు?

అదనపు పన్ను వ్యాపారాన్ని చంపేస్తుందనేవాళ్లకు టొరంటో జవాబు. 1970లో అక్కడి బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే పేట వ్యాపారులు తమ వీధి బాగు కోసం తమ మీద తామే పన్ను వేయించుకున్నారు. అప్పటికి వాళ్ల గిరాకీని ఒకపక్క మాల్స్, ఇంకోపక్క జనాన్ని నేల కిందినుంచే తీసుకుపోయే సబ్‌వే రైలు లాగేసుకుంటున్నాయి మరి.

పార్కింగ్ గురించి ఒక్క మాటే. దానికోసం షాపులే కూల్చేస్తే, కారు దిగి ఎక్కడికెళ్లాలి?

కార్లు ఆపేస్తే చాలు, అంతా బాగుపడుతుందని కూడా నేననను. 1962లో స్ట్రోయెట్ వీధిలో కోపెన్‌హాగన్ అదే చేసి నెగ్గింది. చికాగో స్టేట్ స్ట్రీట్‌లో 1979లో కార్లు ఆపి, బస్సులు మాత్రం ఉంచి, ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు. అంత వెడల్పులో ఉన్న కొద్దిమందీ పలచబడిపోయారు. 1996లో ఫుట్‌పాత్‌లు కుదించి మళ్లీ కార్లను రానిచ్చారు.