సర్జన్ ముందా, పాలసీ ముందా?

బరువు తగ్గించే ఆపరేషన్ (బేరియాట్రిక్ అంటారు) మీద వాదనకు తీసుకున్న కేసు ఇది. రాజమండ్రిలో ఉండే 42 ఏళ్ల ఆవిడ. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 93 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 37. మందులు వాడుతున్నా మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9.2 శాతం, అంటే అదుపులో లేదు. రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు. పాలసీ 5 లక్షలది, గది అద్దె రోజుకు అందులో ఒక శాతం వరకే. బీమా జాబితాలో విశాఖలోని రెండు ఆస్పత్రులున్నాయి. అందరూ బాగుందంటున్న సర్జన్ హైదరాబాద్‌లో, జాబితాకు బయట. బాబాయి క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. అమ్మాయి బేరియాట్రిక్ థియేటర్‌లో నర్సు.

బాబాయి: ముందు పాలసీ కాగితం తియ్యాలమ్మా, డాక్టరు పేరు తర్వాత. బరువు ఆపరేషన్‌కి బీమా డబ్బిచ్చే దారి చాలా సన్నం. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో రాసిపెట్టిన షరతులివి: 18 ఏళ్లు నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి. 35 దాటి 40 లోపుంటే ఊబకాయం వల్ల గుండె కండరం జబ్బో, గుండె రక్తనాళాల జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్-2 షుగరో తోడుండాలి. మామూలు పద్ధతుల్లో తగ్గే ప్రయత్నం విఫలమై ఉండాలి. ఈవిడ గుమ్మం దాటింది. ఇంక జాబితా వదిలి ఊళ్లు తిరగడమెందుకు?

అమ్మాయి: గుమ్మం దాటింది సరే, లోపల ఏం వడ్డిస్తారో చూడొద్దా బాబాయ్? జాబితాలో మొదటి ఆస్పత్రి సర్జన్ స్లీవ్ ఒక్కటే చేస్తాడు. స్లీవ్ అంటే కడుపులో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగల్చడం. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. పుల్లటి నీళ్లు ముందునుంచే ఉన్నవాళ్లకి అవి ఇంకా పెరిగే ప్రమాదముంది. అలాంటివాళ్లకి మామూలుగా బైపాస్ చెప్తారు. గుండెది కాదు, కడుపు పైన చిన్న సంచి మిగిల్చి దాన్ని నేరుగా పేగుకి కలపడం. ఒకటే ఆపరేషన్ వచ్చినవాడు వచ్చినవాళ్లందరికీ అదే కొలత కుట్టేస్తాడు.

బాబాయి: ఆ నీళ్లకి మాత్రలుంటాయి కదా?

అమ్మాయి: ఉంటాయి, కొందరికి సరిపోతాయి కూడా. సరిపోనివాళ్లు ఏడాది రెండేళ్లకి స్లీవ్‌ని బైపాస్‌గా మార్చుకోడానికి మళ్లీ బల్ల ఎక్కుతారు. ఆ రెండో ఆపరేషన్‌కి నీ కంపెనీ డబ్బిస్తుందా?

బాబాయి: అది పాలసీని బట్టి. కొన్నిట్లో బేరియాట్రిక్‌కి వేరే పరిమితే రాసుంటుంది, మొత్తం 5 లక్షలు అందవు. అందుకే నేననేది, ఆ పేజీ ముందు చదవమని. ఇంకో ఉచ్చు చెప్తా విను. గది అద్దె పరిమితి 5,000. పక్కన మనిషి పడుకోడానికి సోఫా ఉందని 8,000 గది తీసుకున్నారనుకో. కోత గదికి మాత్రమే పడదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటర్ అన్నీ కలిపి 1,60,000 అయితే ఎనిమిదింట ఐదు వంతులు, అంటే లక్షే వస్తుంది. 60,000 జేబులోంచి. మందులు, స్టేప్లర్లు (కడుపుని పిన్నులతో అతికి కోసే పరికరాలు), పరీక్షల మీద ఈ కోత వెయ్యకూడదు. బిల్లులో వేశారేమో మాత్రం మనమే చూసుకోవాలి.

అమ్మాయి: స్టేప్లర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఒక స్లీవ్‌కి 60 మిల్లీమీటర్ల కాట్రిడ్జ్‌లు, అంటే స్టేప్లర్‌లో పెట్టే పిన్నుల పెట్టెలు, ఐదారు పడతాయి. కడుపు కింది భాగంలో గోడ మందం, అక్కడ పొడుగు పిన్నులది. పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది, పొట్టి పిన్నులది. అందుకే ఒక్కో రంగు. వాడిన ప్రతి కాట్రిడ్జ్ స్టిక్కర్‌నీ కేస్ షీట్‌లో అంటించాలి. బిల్లులో ఆరు, షీట్‌లో నాలుగు స్టిక్కర్లుంటే అడగాల్సిందే.

బాబాయి: ఆ స్టిక్కర్లు మాకూ కావాలి. ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ ఫైల్లో అవి లేక ఆగిపోయే క్లెయిములు తక్కువేం కాదు.

అమ్మాయి: చూశావా, ఇద్దరం ఒకే కాగితం అడుగుతున్నాం. కానీ చేతిపని కాగితం మీద కనపడదు. 2013లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 20 మంది సర్జన్లు తమ బైపాస్ వీడియోలు ఇచ్చారు. పేరు తెలియకుండా తోటి సర్జన్లే మార్కులు వేశారు. అడుగున ఉన్న నాలుగో వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది, పై నాలుగో వంతులో 5.2 శాతం. అందరూ అర్హతలున్నవాళ్లే, అందరూ చిన్న రంధ్రాల్లోంచి చేసే లాప్రోస్కోపీయే.

బాబాయి: బాగుంది. మరి రాజమండ్రి ఆవిడ ఎవరి వీడియో చూసి మార్కులేస్తుంది? హైదరాబాద్ ఆయన గొప్పవాడని ఎలా తెలిసింది, రోడ్డు పక్క హోర్డింగ్ చూసేగా!

అమ్మాయి: హోర్డింగ్‌కి నేనూ విరోధినే. ఆవిడ అడగగలిగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. నిరుడు స్లీవ్‌లు ఎన్ని, బైపాస్‌లు ఎన్ని? అమెరికాలో ఆస్పత్రికి పూర్తి గుర్తింపు కావాలంటే ఏడాదికి కనీసం 50 స్టేప్లర్ ఆపరేషన్లు ఉండాలి. అదో కొలబద్ద. ఎన్ని లీకులయ్యాయి, అంటే కడుపు అతుకు ఎన్నిసార్లు విడింది? ఒక్కటీ లేదన్నవాడు చేసింది తక్కువైనా అవ్వాలి, దాచేవాడైనా అవ్వాలి. బైపాస్ చేశాక పేగుల మడతల మధ్య మిగిలే సందులు కుట్టి మూస్తారా? మూయకపోతే బరువు తగ్గాక పేగు అందులోకి జారి మెలిపడొచ్చు. అన్నిటికంటే పెద్దది: నాలుగో రోజు రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? వేరే ఊరినుంచి వచ్చి, ఆపరేషన్ చేసి, సాయంత్రం బండెక్కే సర్జన్ చేతిలో ఎంత నేర్పున్నా నాకొద్దు.

బాబాయి: అయితే ఆ మాట హైదరాబాద్‌కీ వర్తిస్తుంది. రాజమండ్రికి 400 కిలోమీటర్లు. విశాఖ నాలుగ్గంటల్లో చేరొచ్చు. లీకు ఎప్పుడు బయటపడుతుంది?

అమ్మాయి: ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, చాలాసార్లు ఇంటికెళ్లాక. అన్నవాహిక కడుపులో కలిసే చోటికి రక్తం అందేది తక్కువ, కింద గొట్టం ఎక్కడైనా ఇరుకైతే ఒత్తిడంతా అక్కడ పడుతుంది, అతుకు అక్కడే విడుతుంది. ముందు కడుపునొప్పే రావాలని లేదు. నాడి 120 దాటి తగ్గకపోవడం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి, జ్వరం. గ్యాసేమోలే అని ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని కూర్చుంటే ఒక రోజు పోయినట్టే. సీటీ స్కాన్, ఎండోస్కోపీలో స్టెంట్ పెట్టేవాళ్లు, ఐసీయూ ఒకే కప్పు కింద ఉండాలి.

బాబాయి: ఐసీయూ మూడు వారాలు పడితే ఎవరు కడతారు? సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించుకుని, కంపెనీ అది పాలసీలో పడదని తేల్చిందనుకో, వెనకాల వచ్చే లీకు ఖర్చు కూడా పడదంటుంది. నీ లెక్కలో చెయ్యి ఉంది, నా లెక్కలో ఇల్లు తాకట్టు ఉంది.

అమ్మాయి: కాదనను. కానీ జాబితాకు బయట అంటే సొంత డబ్బే అని ఎందుకు అనుకోవాలి? 2024 జనవరిలో క్యాష్‌లెస్ ఎవ్రీవేర్ తెచ్చారు కదా, జాబితాలో లేని ఆస్పత్రిలోనూ కంపెనీయే నేరుగా బిల్లు కట్టే పద్ధతి.

బాబాయి: తెచ్చారు. ముందే అనుకున్న ఆపరేషన్‌కి 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, పాలసీ షరతులకు లోబడి ఉండాలి, కంపెనీ ఒప్పుకోవాలి. ఆస్పత్రి కూడా ఒప్పుకోవాలని మర్చిపోతారు అందరూ. రేట్ల ఒప్పందం లేని ఆస్పత్రి ఆ తేడా నీ దగ్గరే అడుగుతుంది. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జ్ అప్పుడు తుది అనుమతి మూడు గంటల్లో తేల్చాలని అదే ఏడాది ఐఆర్‌డీఏఐ చెప్పింది. అది ఫైలు నిండుగా ఉన్నప్పటి మాట. డైటీషియన్ దగ్గర నెలల తరబడి తీసిన బరువుల పట్టిక, పాత షుగర్ రిపోర్టులు, వాడిన మందుల చీటీలు లేకపోతే ప్రశ్న మీద ప్రశ్న వస్తుంది.

అమ్మాయి: ఆ కాగితాలు కొన్నిచోట్ల తయారు కూడా చేస్తారు.

బాబాయి: ఆ మాట నేనే అందామనుకున్నా. 90 కిలోలు, 165 సెంటీమీటర్లు అయితే బీఎంఐ 33. ఎత్తు 160 అని రాస్తే 35 దాటుతుంది. మీకెందుకు, మేం చూసుకుంటాం అంటుంది ఆస్పత్రి బీమా డెస్కు. పాలసీ తీసుకున్నప్పటి మెడికల్ చెకప్‌లో 165 అని ఉంటుంది. పట్టుకున్నారంటే క్లెయిము పోతుంది, మోసమని పాలసీ కూడా పోతుంది. ఎత్తు తగ్గించి రాసే ఆస్పత్రి జాబితాలో ఉన్నా సరే, లేచి వచ్చెయ్యాలి.

అమ్మాయి: అసలు ఆ 35 గీతే పాతబడింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్లకి 27.5 నుంచే ఆపరేషన్ ఆలోచించొచ్చన్నాయి. గీత సరిగా ఉంటే ఎత్తు దొంగిలించే పనే ఉండదు.

బాబాయి: న్యాయమే. క్లెయిము మాత్రం ఉన్న గీత ప్రకారమే. ఈవిడ సంగతి చెప్పు.

అమ్మాయి: ముందు ఎండోస్కోపీ చేయించాలి, కడుపు పైభాగం ఛాతీలోకి జారిందేమో తెలియాలి. జారి ఉండి, అన్నవాహికలో పుండు కూడా ఉంటే స్లీవ్ మాట వదిలేయడమే. తర్వాత విశాఖలో రెండో ఆస్పత్రికి వెళ్లి నేను చెప్పిన ప్రశ్నలన్నీ అడగాలి. అక్కడ బైపాస్ నిలకడగా చేసే సర్జన్, అదే ఊళ్లో కాపురం ఉండేవాడు దొరికితే హైదరాబాద్ మాట ఎత్తను. బైపాస్ తర్వాత జన్మంతా బీ12, ఐరన్, కాల్షియం మింగాలి, ఏటా రక్తపరీక్ష చేయించాలి. దానికైనా దగ్గరుంటేనే మంచిది.

బాబాయి: దొరక్కపోతే?

అమ్మాయి: హైదరాబాద్ కోసం కంపెనీకి నువ్వే మెయిల్ రాయి. సోమవారం ఆపరేషన్ అయితే గురువారమే పంపు, శని ఆదివారాలు డెస్కులో ఎవరుంటారో తెలీదు.

బాబాయి: రాస్తాను. కాదని తిరిగొస్తే మాత్రం అప్పు చేసి వెళ్లమని నేను చెప్పను.

అమ్మాయి: ఆ స్లీవ్‌కి సంతకం పెట్టమని నేనూ చెప్పను.