మా చంటిగాడికి ఏజెంటు కావాలి

మా అక్క కొడుకు చంటి బీటెక్ అవగానే ఉద్యోగం వెతుక్కుంటాడనుకున్నాం, వాడు ఏజెంటుని వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సినిమాల్లోకి వెళ్ళాలట, వెళ్ళాలంటే ముందు ఏజెంటు ఉండాలట, హాలీవుడ్‌లో అంతేనట. అక్కడి పద్ధతంతా బట్టీ పట్టేశాడు. ఫోటో 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ఉండాలి, దాని వెనకాల బయోడేటా పిన్ను కొట్టాలి, అక్కడి నటుల సంఘం గుర్తింపు ఉన్న ఏజెంటు మనకొచ్చిన డబ్బులో 10 శాతానికి మించి తీసుకోడు. లాస్ ఏంజెలెస్‌లో ఇవన్నీ నిజమే. చంటి ఉండేది విశాఖపట్నం మద్దిలపాలెంలో.

ఫోటోల కోసం ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. కుర్సురా సబ్‌మెరైన్ ముందు వాడు సీరియస్‌గా నిలబడితే, గాలికి జుట్టు నిక్కబొడుచుకుని, ఎండకి కళ్ళు మూసుకుపోయి, ప్రతి ఫోటోలోనూ వెనకనున్న ముంతమసాలా బండి మాత్రం స్పష్టంగా వచ్చింది. సరే, జగదాంబ దగ్గర స్టూడియోకి తీసుకెళ్తే ఆయన వీణ్ని ఎగాదిగా చూసి "సంబంధాలకా బాబూ? అయితే కొంచెం నవ్వాలి" అన్నాడు.

మన దగ్గర సంగతి వేరు. సినిమాకి మనుషుల్ని ఎంచేది క్యాస్టింగ్ డైరెక్టర్. చిన్న వేషాలకి, గుంపు సీన్లకి మనుషుల్ని పట్టుకొచ్చేది కోఆర్డినేటర్. మేనేజర్ అనేవాడు నాలుగు సినిమాలు చేతిలో పడ్డాక వస్తాడు, డేట్సూ పారితోషికమూ చూసుకోవడానికి. డేట్సే లేనివాడికి ఆయన ఏం చూస్తాడు, క్యాలెండరా? ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంటే ఉంది, నడిచెళ్ళే దూరం, ముందు నాలుగు నాటకాలు ఆడు, చూసినవాళ్ళే ఇంకొకరికి చెప్తారు అన్నాను. "అది లాంగ్ ప్రాసెస్ మావయ్యా" అన్నాడు.

షార్ట్ ప్రాసెస్ కూడా వచ్చింది. ఎవడో ఫోన్ చేసి, హీరో ఫ్రెండ్ వేషం ఖాయం, రిజిస్ట్రేషన్‌కి పాతికవేలు కట్టమన్నాడు. పనిచ్చాక వాటా అడిగేవాడు ఏజెంటు, పనివ్వకముందే డబ్బడిగేవాడు దొంగ అని నేను చెప్పేలోపే మా బావ ఫోన్ లాక్కుని, ఆ వేషం తనకే ఇమ్మని, డబ్బు మాత్రం పారితోషికంలో కోసుకోమని బేరం పెట్టాడు. అవతలివాడే ఫోన్ పెట్టేశాడు.

చివరికి స్నేహితుడి ద్వారా అసలైన కోఆర్డినేటర్ నంబరు దొరికింది. భీమిలి వైపు షూటింగ్ ఉందట, వీడియో పంపమన్నాడు. వెనక ఖాళీ గోడ, మొహం మీద వెలుతురు, ఫోన్ అడ్డంగా, ముందు పేరు, వయసు, ఎత్తు, తర్వాత కుడివైపు ఎడమవైపు తిరిగి చూపించడం, ఆఖర్న రెండు నిమిషాల్లోపు ఏదైనా సీను. సీను వీడే రాసుకున్నాడు. "అమ్మా, నన్ను క్షమించు. ఇల్లు అమ్మేశాను. డబ్బంతా పోయింది. నాన్నకి నువ్వే చెప్పు." తలుపేసుకుని ఏడ్చి, తీసి, పేరూ ఎత్తూ ఉన్న ముక్క కోఆర్డినేటర్‌కి, ఏడుపు ముక్క మాత్రం పొరపాటున మా చుట్టాల వాట్సాప్ గ్రూపుకి పంపి, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి స్నానానికి పోయాడు.

అంతే. బావ బీరువా తెరిచి దస్తావేజులు వెతకడం మొదలెట్టాడు. కిందటేడు ఇంటి రిపేరుకి అప్పిచ్చిన అనకాపల్లి బాబాయి దొరికిన బస్సెక్కేశాడు. శ్రీకాకుళం అత్తయ్య ఫోన్లో "గుంటడికి ఏటైపోనాదే" అని శోకాలు. ఎవరు కొన్నారు, గజం ఎంతకిచ్చాడు అని అడిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పేర్లు అక్క రాసిపెట్టుకుంది.

చంటి తువ్వాలుతో బయటికొచ్చి, విషయం అర్థమై, కంగారుపడకుండా "అంటే నమ్మారన్నమాట" అన్నాడు. అక్క చీపురు తీసింది. వాడు తప్పించుకుని మళ్ళీ గదిలో దూరి, కోఆర్డినేటర్‌కి పంపాల్సిన సీను మళ్ళీ తీస్తుంటే, ఇందాకటి గొడవంతా సగం సగం విన్న మా అమ్మ తోసుకొచ్చి, "ఇల్లమ్మేసినావా? మీ తాత ఇటుక ఇటుక మోసి కట్టిన ఇల్లురా!" అని గుండెలు బాదుకుని, వాడి చెవి మెలిపెట్టి, కూలబడిపోయింది. టైమయిపోతోందని వాడు అదే పంపేశాడు.

కోఆర్డినేటర్ రాత్రికే ఫోన్ చేశాడు. అబ్బాయి సంగతి తర్వాత చూద్దాం, ఆ పెద్దావిడ రెండు రోజులు రాగలరా, చావింటి సీను, కారు పంపిస్తాం, భోజనం పెడతాం అన్నాడు. అమ్మ పళ్ళసెట్టు సర్దుకుని, భోజనంలో పెరుగుంటుందా అని అడిగించింది.

చంటి కాసేపు మొహం మాడ్చుకుని కూర్చుని, తర్వాత నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. "అమ్మమ్మా, డేట్స్ నేను చూసుకుంటాను. నాకు పది శాతం."

"పదా? అప్పు తెచ్చుకుంటేనే నూటికి రెండు రూపాయల వడ్డీ, నీకు పదెవడిస్తాడ్రా?" అంది మా అమ్మ.

ఇప్పుడు మూడు దగ్గర ఆగింది బేరం.